గిట్టుబాటు

ఏనుమాముల మార్కెట్ల జెండా పాట అయిపోయింది.
మిర్చి ఘాటుకు అందరం దగ్గుతున్నం.
ఓదెలు చేతిల నుంచి కొక్కెం జారిపడ్డది.
పొద్దుగాలనే తాగిండని హమాలీలు నవ్విండ్రు.
నేను నవ్వలే.
వాని మూతి కాంటా ముల్లు లెక్క
ఒక్క దిక్కే ఒరుగుడు చూసిన.
ఆ ముల్లు నాకెరుకే.
ఏడేండ్ల కింద నా మొఖంలనే ఒరిగింది.

అప్పుడు నాకు పావురం నెత్తురు రుద్దిండ్రు.
చెప్పినోడు మంచోడే, పాపం.
మూడు పావురాలు, మూడు రోజులు.
దవాఖానకు పోయేసరికి డాక్టరు
గడియారం చూడలే, క్యాలెండర్ చూసిండు.
అప్పటి సంది నా కుడిచెయ్యి
ఒడిల నిద్రపోయిన పరాయి పిల్ల.
గుమాస్తా కొలువు పోవద్దని
ఎడమ చేత్తో మళ్లా ఒకట్లు, రెండ్లు దిద్దుకున్న.

ఆ ఎడమ చేత్తోనే తక్‌పట్టి వెనుక రాసిన:
పదీ నలభై.
హన్మకొండ దవాఖానల డాక్టరమ్మ
వాని పేరడగకముందు అదే అడిగింది.
"మెదడు నరంల గడ్డ అడ్డంపడ్డది.
తొడ కాడికెల్లి సన్న తీగె పంపి గుంజి తీస్తం.
ఆలస్యమైన కొద్దీ మెదడు చచ్చిపోతది.
నాలుగు లక్షల ఇరవై వేలు."

అడ్తి సేటు ఫోన్ల ఊపిరి పీల్చిండు.
"హమాలీ మనిషి. గంత పెడితే
గిట్టుబాటైతదా, సదయ్యా?"

గిట్టుబాటు.
పత్తి రైతులు రోజూ నా బల్ల మీద గుద్ది అడిగే మాట.
సరే, లెక్కనే చేద్దామని
అక్కడే బెంచీ మీద కూసొని గీత గీసిన.
ఈ పక్కన వాని గడ్డ తీస్తే అయ్యేది.
ఆ పక్కన నా గడ్డ తియ్యకపోతే అయింది.

కనుకలక్ష్మి చుట్టని బీడీలు
రోజుకు ఎనిమిది వందలు, ఏడేండ్లు.
బీడీల కాడనే నాలుగు లక్షలు దాటింది.
ఇంకా నూనెలు రాయలే, గోలీలు రాయలే,
నన్ను లేపి లేపి వంగిపోయిన ఆమె నడుము రాయలే.
ఐటీఐ ఇడిచి టిఫిన్ సెంటర్ల ప్లేట్లు కడిగిన
చిన్నోని రెండేండ్లు ఏ గడిల రాయాల్నో తెల్వలే.
కారణం లేకుండ నాకొచ్చే ఏడుపుకు
రేటు ఎవరు కడ్తరు?

బిల్లు ఒక్క రాత్రి వస్తే ఖర్చంటరు.
రోజింత తింటాంటే రాత అంటరు.

కాయితం సేటుకు వాట్సాప్‌ల పంపిన.
సేటు లక్షన్నర ఇచ్చిండు, రెండు రూపాల మిత్తికి.
హమాలీ సంఘం డబ్బా పగిలింది.
కొమురమ్మ ఎకరం మీద వేలిముద్ర పడ్డది.

గడ్డను చిన్న డబ్బీల చూపిచ్చిండ్రు.
ఎండుమిరప తొడిమంత.
గంతే.
నేను దాన్ని చానా సేపు చూసిన.
నాది ఇంకా లోపటనే ఉందా, కరిగిందా అని
డాక్టరమ్మను అడుగుదామనుకొని అడగలే.

మాపటికి ఓదెలు కండ్లు తెరిచి
నత్తి నత్తిగ అన్న మొదటి మాట,
"నా కొక్కెం ఏది?"
కొమురమ్మ మొఖం తిప్పుకొని
గోడకు నవ్వింది.

నాలుగు నెలలకు మార్కెట్‌కొచ్చిండు.
నిండు బస్తా ఎత్తలేడు, తూకం కాడ నిలబడ్తడు.
మిత్తి మాత్రం నిండుగనే మోస్తాండు.
సేటు ఒకనాడు సిగరెట్ ఆర్పుతూ,
"లెక్క తేలిందా సదయ్యా?" అన్నడు.
కట్టింది వీని ఇల్లు.
మిగిలింది ఎవరెవరికో,
కొమురమ్మ చేతులకు, వాళ్ల బిడ్డ బడికి, నీ కాంటాకు.
మిగిలిన దానికి తక్‌పట్టి ఉండదు సేటూ.
ఇదంతా అనలే. "తేలలే" అన్న.

ఎండకాలం గాలి లేస్తే
షెడ్డుల నా కాయితాలు ఎగురుతయి.
ఓదెలు ఊకెనే వచ్చి
నా కుడిచెయ్యిని రెండు చేతుల్తో ఎత్తి
పద్దు పుస్తకం మీద బరువు పెడ్తడు.
వాని వేళ్లు వెచ్చగుంటయట.
కనుకలక్ష్మి చెప్పింది.
నేను ఎడమ చేత్తో రాసుకుంట కూసుంట.