తర్జుమా చెయ్యని మాట

సిరోంచా తహసీల్ ఆఫీసు ముందు
నా మేజా, రెండు పెన్నులు, ఎండిపోయిన స్టాంపు ప్యాడు.
మరాఠీలో అర్జీలు రాస్తాను,
తెలుగులో తిట్లు తింటాను.
అప్పుడప్పుడు కోర్టు పిలుస్తుంది,
దుబాసీ ఉన్నాడా అని.

ఆ రోజు బోనులో జాడి రాజుబాయి.
ప్రాణహిత ఒడ్డున మూడెకరాల మిరపచేను.
కొంగుకు ఇంకా కారం ఘాటు,
ముందు వరుసలో ప్లీడరు రెండుసార్లు తుమ్మాడు.

జడ్జిగారు మరాఠీలో అడిగారు,
జమీను మీద కబ్జా ఎవరిదని.
మిగతా మాటలన్నీ తెలుగు చేశాను.
ఆ ఒక్కటీ వదిలేశాను.
రెండు దిక్కులా ఉన్న మాటే కదా,
దానికి బట్టలు మార్చడమెందుకనుకున్నాను.

"భూమి నీ కబ్జాల ఉన్నదా అమ్మా?"

"థూ! ఏం మాటలయ్యా అవి?
మా అత్త దున్నింది, నేను దున్నుతున్న.
కబ్జాలు చేసే ఖాందాన్ కాదు మాది.
నాకు కబ్జా గిబ్జా ఏం లేదు, రాసుకో!"

రాసుకున్నారు.
అత్త పోయింది, దున్నడం పోయింది,
కాయితం మీద రెండే ముక్కలు మిగిలాయి:
కబ్జా నాహీ.
అవతలి పార్టీ సమ్మయ్య
మీసం కింద ఏదో సర్దుకున్నాడు.

ఇక్కడి కాయితంలో కబ్జా అంటే
చేను చేతిలో ఉండటం.
కలుపు తీసే చెయ్యి, నీళ్లు పెట్టే చెయ్యి,
తలాఠీకి శిస్తు లెక్కపెట్టే చెయ్యి.
వంతెన దాటి కాళేశ్వరం దిక్కు పోతే
అదే మాట రాత్రిపూట కంచె జరుపుతుంది,
చెరువు పూడ్చి ప్లాట్లు కోస్తుంది.
ఆమెకు తెలిసింది ఆ దొంగ.
జడ్జిగారికి తెలిసింది ఈ దొర.
ఇద్దరినీ ఎరిగినవాణ్ణి నేను;
అందుకే కదా రోజుకు మూడు వందలు.

సాయంత్రం బస్టాండు హోటల్లో చెప్పాను:
"స్వాధీనం అనాల్సింది, తప్పు నాదే."
ఆమె ఆ మాటను నోట్లో తిప్పి చూసింది,
అన్నంలో రాయి తగిలినట్టు.
"మేం అట్లనం. దున్నుకుంటున్నం అంటం.
ఆ మాటకు జాగ లేదా మీ కాయితంల?"
చాయ్ పైసలు ఆమే ఇచ్చింది.
అదింకా దిగలేదు నాకు.

సవరణ అర్జీ ఊరికే రాసిచ్చాను.
పదిహేడు రోజులకు వాయిదా.
ఆ తర్వాత ఇంకోటి.

తెలియని మాట వస్తే ఇప్పుడు భయం లేదు,
అడుగుతాను.
తెలిసిన మాట వస్తేనే ఆగుతాను.
జడ్జిగారు గడియారం చూస్తారు.
నిన్న 'మాఫీ' దగ్గర
చాలాసేపు ఆగిపోయాను.