జాలు

నాలుగు మూరల బర్మా నా చేతిల,
రంగుల పుస్తకం బాబికిర్ సార్ చేతిల.
హొఫూఫ్ దాటినంక, ఖర్జూర తోటలు కూడ దాటినంక
పసుపు చెరువు ఒడ్డున అథల్ చెట్ల అడవి.
అడవి అనుడే గానీ,
దుబ్బ లేచి తోటల మీద పడకుండ
ఎవరో ఎప్పుడో వరుసగ నాటిన చెట్లు,
వరుస మర్చిపోయి పెరిగినయి.

ఉసికెల నీళ్ళు పోసినట్టు అంటరు మా దిక్కు,
చిట్టీ పైసల గురించి, తాగుబోతుకు చెప్పిన బుద్ధి గురించి.
ఆ మాట ఇక్కడ చెల్లది.
ఈ ఉసికె తాగుతది గానీ మింగది.

మొదటి జానెడు: రాలిన ఆకు, ఉప్పు పెళ్ళ, రెండు చీమలు.
నల్లగ అంటుతది, దులిపితే పోతది.
రెండో జానెడు నూకల లెక్క తెల్లగ, రుచీ పచీ లేనట్టు.
మూడో జానెడుల మచ్చలు మొదలు.
చచ్చిపోయిన వేర్ల దారెంట ఎర్రని గీతలు,
పాత రేకు డబ్బకు చిలుము పట్టినట్టు.
సార్ ఒక కన్ను మూసి
ఒక్కో మచ్చను పుస్తకంల ఒక్కో గడి పక్కన పెట్టి చూస్తడు,
చీర మీదికి రైక గుడ్డ ఎంచినట్టు.
"నీళ్ళు ఎక్కి దిగిన జాడ ఇది" అంటడు
సగం అరబ్బీల, సగం హిందీల.
చలికాలం ఇందాక ఎక్కుతయట.
ఎండలు ముదిరితే మళ్ళ దిగుతయట.
మచ్చలు మాత్రం దిగవు.

మోకాలి లోతు దాటితే నీలం కలిసిన బూడిద,
మురిగిన గుడ్డు వాసన.
ఇంకో జానెడు.
ఠక్.
సుద్దరాయి. బర్మా తిరగది.

ఇద్దరం కూసున్నం.
గుంతల నీళ్ళు ఊరుతున్నయి, తొందరేం లేదు వాటికి.
తోటలకు కట్టిన నీళ్ళే, ఊరు కడిగిన నీళ్ళే,
వాలెంట వాలెంట ఇందాక వచ్చి
కిందికి తొవ్వ లేక ఆగినయి.
మా ఊళ్ళె దీన్ని జాలు పట్టుడు అంటరని చెప్పిన.
"జాలు" అని సార్ రెండుసార్లు అనుకున్నడు,
కాగితం మీద మాత్రం వేరే మాట రాసిండు.

మేం ఉప్పరోళ్ళం. చెరువు కట్టలు పోసినోళ్ళం.
అంతకు ముందు చౌడు గీకి ఉప్పు వండినోళ్ళమట.
మా రాజవ్వ పెద్దమ్మ చిటికెడు మట్టి నాలిక మీద ఏసుకొని
బాయి తవ్వాల్నా వద్దా చెప్పేది.
నలభై గుంతల సంది మీటర్ అంకెలు చూస్తనే ఉన్న.
ఇయ్యాల చిటికెడు నోట్లె ఏసుకున్న.
"ఇరవై రెండు" అన్న.
మీటర్ ఊగి ఊగి ఇరవై మూడు కాడ ఆగింది.
సార్ నీళ్ళ సీసా నా దిక్కు దొర్లించిండు.
ఉప్పు తిన్నోడు నీళ్ళు తాగాలె గదా.

మురుగు పోవుడు: సరిగ లేదు.
పంట: రాదు.
పునాది: నిలవది.
"మరి ఏముంటది సార్ ఇక్కడ?"
గడ్డం లేపి చెట్టును చూపించిండు.

ఉప్పును నీళ్ళతోనే తాగి
రాత్రంత మోసి మోసి ఆకు కొసలకు తెచ్చి
తెల్లారేసరికి చుక్కలుగ రాలుస్తదట.
పొద్దుగాల నా మెడ మీద పడ్డయి అవే,
మంచు అనుకున్న.
లేచి నడుస్తుంటే సార్ నవ్విండు వెనకనుంచి.
నా అంగీ వీపుకు తెల్లని గీతలు,
చెమట ఎక్కి దిగిన జాడ.

రాత్రి కంటైనర్ రూముల
మంచం కింది సంచి విప్పి చూసిన.
పగలు నీలం అని రాసుకున్న ముద్ద
గాలి తగిలిన అంచుకు ఎర్రబడ్డది.
సార్‌కు ఫోన్ చేద్దామా అనుకున్న.
పండుకొని ఉంటడు.
మూట కట్టలే, అట్లనే ఉంచిన.
పొద్దుగాలదాక ఎంత ఎర్రగైతదో.