ఇన్నాన్లే

రాత్రి రెండున్నర. రుషికొండ మీద మూడో అంతస్తు.
శ్రీకాకుళం బస్సుకి ఒక్క సీటు కొన్నవాడికి
రెండుసార్లు డబ్బులు కట్.
నా కోడ్‌లో ఏదో కాల్‌బ్యాక్
పిలిచిన పేరునే మళ్లీ పిలుస్తోంది.
దాని కడుపులో ఇంకొకటి, దాని కడుపులో ఇంకొకటి,
బ్రాకెట్లు కుడివైపుకి జారి జారి
తెర అంచు దాటిపోయాయి.
ఏ మూత ఏ గిన్నెదో తెలీదు.

కిటికీలోంచి దూరంగా, లంగరేసిన ఓడల దీపాలు.
పదకొండు.
ఒక్కటీ హారన్ కొట్టదు.
బెర్తు ఖాళీ అయితే
వైర్‌లెస్‌లో ఎవరో పేరు పెట్టి పిలుస్తారు.
అందాకా వంటవాడు ఉల్లిపాయలు తరుగుతుంటాడు,
ఇంకెవడో లుంగీ ఆరేసుకుంటాడు.
ఆగడమంటే పని మానడం కాదని
ఓడలకెవరు చెప్పారో.

ఫిషింగ్ హార్బర్లో నూకరత్నం కూడా అంతే,
గట్టు మీద కూర్చుని ఏ పడవకీ ఎదురుచూడదు.
"బోటొచ్చీసినాక ఓ కేకెయ్యండర్రా,
నానెల్లి ఐసు కొట్టించుకొస్తాను"
అని ముగ్గురికి చెప్పి పోతుంది.
ముగ్గురూ కేకేస్తారు.
మొదటి కేకకే గంప నెత్తినెట్టుకుని బయల్దేరి
మిగతా ఇద్దరికీ చెయ్యూపుతుంది:
"ఇన్నాన్లే!"

ఇన్నాన్లే.
నా ప్రోగ్రాంలో లేనిది ఆ ఒక్క మాట.

చిన్న జెండా పాతాను, ఒక్కసారి విన్నాక లేచేది.
రెండో పిలుపు గుమ్మం దాకా వచ్చి
మారు మాట్లాడకుండా వెళ్లిపోయింది.
టీ చల్లారిపోయింది, తాగేశాను.

ఐదవుతుండగా
పదకొండు దీపాల్లో ఒకటి మెల్లగా కదిలి
హార్బర్ వైపు తిరిగింది.
తక్కిన పదీ ఉన్నచోటే.
పిలిచింది ఎవరో, నాకు వినపడలేదు.
దానికి వినపడింది.