ఖాళీ బరువు

పగలు నా పని కాంటా.
మిర్యాలగూడల, రైసుమిల్లు గేటు పక్కన
అరవై టన్నుల వే బ్రిడ్జి.
దాని పక్క అద్దాల గది, అందుల నేను.
లోడు బండి ఎక్కుతది, దిగుతది.
ఖాళీ బండి ఎక్కుతది, దిగుతది.
రెండిట్ల తేడానే వడ్లు.

రాత్రి నా పని లారీ.
మూరకు రెండేళ్లు తక్కువ పొడుగు,
అసలు బండిల ఇరవై నాలుగో వంతు.
మా జిల్లా నంబరు గూడ ఒకప్పుడు గదే,
ఏపీ ఇరవై నాలుగు.
అందుకే ఆ స్కేలు పట్టుకున్న అంటే
మా సోమలక్ష్మి నవ్వుతది:
"నీ సేటు జీతం గూడ గదే స్కేల్ల ఇస్తున్నట్టుండు."

ఛాసిస్‌కు పీవీసీ షీటు,
గ్రిల్లుకు దోమల జాలి,
పొగగొట్టానికి అయిపోయిన రీఫిల్లు,
అద్దాలకు జ్వరం గోలీల వెండి కాయితం.
వెనక ఎర్ర రిఫ్లెక్టర్లు ఆమె బొట్టుబిళ్ళల అట్టకెళ్లి:
అడిగి తీసుకున్నయి నాలుగు,
అడగక తీసుకున్నయి ఆరు.
బంపరుకు దిష్టి కట్టాలె గద,
నిమ్మకాయకు ఆవగింజ, మిరపకాయలకు జీలకర్ర,
పచ్చ రంగుల ముంచి
నా వెంట్రుకకే అంటించిన.

అన్నీ చిన్నగైతయి.
దుమ్ము కాదు.
దుమ్మును ఎంత పెట్టి భాగిస్తవు?
దేవరకొండ రోడ్డు ఎర్రమన్ను చల్లితే
టైర్ల మీద బండలు పడ్డట్టున్నది.
రోట్ల నూరిన, పాత జాకెట్టు గుడ్డల జల్లించిన,
మళ్ళ నూరిన.
ఇంట్ల పచ్చడి వారం దినాలు
కరకరలాడింది.

రంగుల సంగతి మొయిన్ భాయ్ చెప్పిండు.
నలభై ఏండ్లు లారీ డాలాల మీద
గులాబీలు, నెమళ్లు, హారన్ అక్షరాలు రాసిన మనిషి.
స్టిక్కర్లొచ్చినంక చేతులు ఖాళీ.
నా డాలా చూసి కండ్లద్దాలు తీసిండు,
మళ్ళ పెట్టుకున్నడు.
"ఇంత జాగల నెమలా? శ్వాస ఆపి గీయాలె బేటా."
ఆపి గీసిండు. ఈకకూ ఈకకూ నడుమ దగ్గిండు.
తోకల ఒక వంకర, అది ఆ దగ్గుదే.
దాన్ని నేను దిద్దలే.

రంగు ఆరాలెనని కాంటా గదిల పెట్టుకున్న నాడు
జానయ్య వచ్చిండు.
నంబరు చూసి ఆగిండు.
ఆయన బండే. గడువు దాటిందని
నిరుడు తుక్కుకు పోయింది.
ఆఖరి తూకం ఈ కాంటా మీదనే, కొట్టింది నేనే.
చేతులు పాయింటుకు తుడుచుకున్నడు గని ముట్టలే.
రోడ్డెక్కేముందు గాలి చూసినట్టు
చుట్టూ ఒక తిరుగుడు తిరిగిండు.
మూడు నెలల పని; మెచ్చుకుంటడని నిలబడ్డ.

"డ్రైవరు డోరు సాపుగున్నది" అన్నడు.
"వాడపల్లి బ్రిడ్జి కాడ గీసుకపాయె గద.
చెయ్యి బైట ఏస్తే మోచెయ్యి
ఆ సొట్టలనే కూసునేది."

ఆయన బీడీ లైటరు మీద చెంచా కాడ కాల్చి
డోరును వత్తిన.
పెయింటు పగిలింది.
"ఇంకా లోపలికి."
వత్తిన.
"ఇంకింత."
వత్తిన.
"ఆఁ."

ఏమనుకున్నడో, రెండు చేతుల మీద ఎత్తుకపోయి
కాంటా నడుమ పెట్టిండు.
అంత ఇనుప పలక, మీద మూరెడు లారీ.
తెర మీద సున్నాలు.
పది కిలోల కింద
ఏదీ దాని లెక్కల బరువు కాదు.
"నంబరు కొట్టు" అన్నడు.
కొట్టిన: ఏపీ 24 టీ 3318.
బండి లేదని కంప్యూటరుకు ఎవ్వరు చెప్పిండ్రు?
దాచుకున్నది బైటికి తీసింది:
ఖాళీ బరువు, తొమ్మిది వేల నాలుగు వందల అరవై.

జానయ్య చీటీ చింపుకున్నడు.
మడత పెట్టి, పై జేబుల, లైసెన్సు పక్కన.
లారీ ఇంకా కాంటా మీదనే ఉన్నది.
గేటు కాడ వడ్ల ట్రాక్టరోడు హారన్ మీద హారన్,
జరుపుమని.