వంక

వంకలు పెట్టడమే లెయొకాదియా ఉద్యోగం.
శ్చెచిన్ ఓడల యార్డులో ముప్ఫై ఒక్క ఏళ్ళు
అతుకు వెంట అతుకు, మోకాళ్ళ మీద పాకుతూ
టార్చి వేసి, గోటితో గీరి,
లోపం కనబడ్డ చోటల్లా
పసుపుపచ్చ ఆయిల్ స్టిక్‌తో సున్న చుట్టేది.

సున్న చుట్టిన చోట గ్రైండర్ దిగేది.
నిప్పురవ్వల్లో ముందు పసుపు పోయేది, తర్వాత తప్పు.
ఓడ నీళ్ళలోకి జారే రోజున
బ్యాండు మేళం, సీసా పగలడం, గాల్లోకి టోపీలు.
ఆమె గీసిన గీత ఒక్కటీ దాని ఒంటి మీద ఉండదు.
ఉంటే ఉద్యోగం ఉండదు.

వెల్డర్లు ఆమెకి పెట్టిన పేరు అత్తగారు.
వాళ్ళలో ఎక్కువ సున్నలు తిన్నవాడు
జెనోబియుష్,
ఆమెనే పెళ్ళాడాడు.

యార్డు మూతపడింది. క్రేన్లు పాత ఇనుముకి పోయాయి.
చివరి రోజు ఆమె సంచిలో పడ్డది
సగం అట్టపెట్టె స్టిక్కులు, ఎవరూ లెక్క అడగనివి.
ఏడేళ్ళు నేలమాళిగలో బంగాళాదుంపల పక్కన పడున్నాయి.
మొన్న ఫిబ్రవరిలో తీసి చూస్తే
ఒక్కొక్కదాని మీద మందంగా తోలు.
ఎండిపోయాయనుకుంది.
కత్తిమొనతో మూతి దగ్గర ఒలిస్తే
ఉడికిన దుంప తొక్కలా ఊడొచ్చింది.
లోపల మెత్తగా, తడిగా, షిఫ్టు ఇంకా అయిపోనట్టు
పసుపు.
అవిసె నూనె వాసన వంటిల్లంతా.

చలికి బిగుసుకుపోతే చంకలో పెట్టుకుని కాచింది,
జ్వరం చూసుకుంటున్న మనిషిలా.
కూర్చో, అంది.
అతను స్టవ్ పక్కన కూర్చున్నాడు, దువ్వుకుని మరీ.

దీనితో సన్న గీత రాదు.
కనురెప్ప గీయబోతే కంచె అవుతుంది.
వేళ్ళతో కాదు, భుజంతో లాగాలి.
తుడిస్తే పోదు,
బొటనవేలితో రుద్దితే ఇంకాస్త పాకుతుంది.
చెయ్యేమో పాత చెయ్యే.
విరిగిన పంటి చుట్టూ సున్న.
వెల్డింగు వెలుగు తినేసిన ఎడమకంటి చుట్టూ సున్న.
ముక్కు వంకర, సున్న.

"మరి నా మొహమేదీ?"
"ఇంకా రాలేదు. ఇవన్నీ రిపేర్లు."
"గ్రైండర్ తేనా?"

ఆమె నవ్వలేదు. ఇంకో కాగితం తీసింది.
పెన్షను రోజున కొన్న నీలం స్టిక్కు ఒకటి ఉంది,
ధర చూసి రెండుసార్లు కొట్టు బయటికొచ్చి
మూడోసారి కొన్నది.
నీలం మందంగా పట్టించి, దాని మీద పసుపు రుద్ది,
కత్తి మొద్దువైపుతో గీకుతూ పోయింది.
గీకిన చోటల్లా కిందున్న నీలం లేచి
నుదురయింది, చెవయింది, చొక్కా కాలరయింది.

దవడ దగ్గరికొచ్చి ఆగింది.

అక్కడ కాలిన మచ్చ ఉంది, గోరంత, నెలవంకలా.
ఎప్పటిదో, ఎలాగో ఆమెకి తెలుసు.
నూట పన్నెండో నంబరు ఓడ, అడుగు పలకల అతుకు.
బాగానే ఉంది, వదిలెయ్ అన్నాడు ఫోర్‌మాన్.
బాగా లేదని ఆమె చుట్టింది.
వెల్లకిలా పడుకుని జెనోబియుష్ మళ్ళీ అతికాడు.
రాలిన ఒక్క రవ్వ ముసుగు సందులోంచి దూరింది.

చుట్టింది సరిగ్గానే. ఇప్పుడు చూసినా చుట్టేది.
అయినా చాలాసేపు
స్టిక్కు అరచేతిలో మెత్తబడుతూనే ఉంది.

"ఏమైంది? పడిపోయానా తనిఖీలో?"
"కదలకు."

ఆ ఒక్కచోట రంగు పెట్టలేదు.
కాగితం తెల్లగానే వదిలేసింది.

వారమైనా బొమ్మ ఆరలేదు.
నడవాలో తలుపు పక్కన చీలకు వేలాడదీశారు, జాగ్రత్త అనుకుంటూనే
బయటికి పోతూ జెనోబియుష్ మోచెయ్యి దానికి ఆనించాడు.
మూడో నంబరు ట్రామ్‌లో పక్కసీటావిడ
అతని కోటు చేతి మీది పసుపు చూసి
తన సంచి ఇటు లాక్కుంది.
"అంటుకుందండీ, ఏదో."
"ఆఁ," అన్నాడు, కిటికీలోంచి
క్రేన్లు ఉండే చోటుకేసి చూస్తూ.