బ్రాకెట్లో ఒకటి

హార్బర్లో మూడో నంబరు ఎగరేశారు,
అందుకే మా ఎనిమిదో తరగతి నిండింది.
వేటకి పోని పిల్లలు బెంచీకి నలుగురు,
చొక్కాల్లో ఎండుచేపల వాసన, జేబుల్లో వల సీసాలు.
పెద్ద జాలరిపేట గాలికి సుద్దముక్క చెమ్మగిల్లి
రాస్తే కీచుమంటుంది, నొక్కితే విరుగుతుంది.

పన్నెండు ఎక్స్ వై, ప్లస్
పద్దెనిమిది ఎక్స్ స్క్వేర్, ప్లస్
ఆరు ఎక్స్.
మూడింటికీ ఉమ్మడిగా ఉన్నదేదో బయటికి లాగండి, అన్నాను.

రెండన్నాడు కామేశు.
తప్పు కాదురా, కానీ లోపల ఇంకా ఉమ్మడి ఉంది,
సగం లాగి వదిలేసిన వల అది.
మూడంది పైడితల్లి. అదీ సగమే.
ఆఖరి బెంచీలోంచి గరికిన ఎల్లాజీ:
"ఆరు మేడం. ఎక్స్ కూడా వస్తాది.
వై రాదు, అది ఒకడి కాడే ఉంది,
ఆడి గాలం ఆడిదే."
పాఠ్యపుస్తకంలో ఇంత బాగా రాయలేదు.

బోర్డు దగ్గరికొచ్చాడు.
ఆరు ఎక్స్ బయట పెట్టి, బ్రాకెట్ తెరిచి
రెండు వై, ప్లస్ మూడు ఎక్స్,
టక్కున మూసేశాడు.
మరి ఆ చివరి ఆరు ఎక్స్ ఏదిరా?
"మొత్తం బయటికి తీసేసినాం గదా,
ఇంకేటుంటాది?"

పదిహేడేళ్ళుగా దిద్దుతున్న తప్పే.
ఇది తీసివేత కాదర్రా, భాగహారమని
గొంతు పోయేదాకా చెప్పేదాన్ని.
ఈసారి ఒక్కటే అడిగాను:
ఎన్ని పదాలు లోపలికెళ్ళాయి?

సుద్దముక్క గాల్లో ఆగింది.
పెదాలు కదుపుతూ లెక్కపెట్టాడు,
మునిమాపు వేళ వాళ్ళ నాయనమ్మ ఒడ్డున నిలబడి
తెరచాపలు లెక్కపెట్టినట్టు.
"మూడెల్తే
రెండేటి తిరిగొచ్చినాయి?"

ఆ పేటలో అది లెక్కల ప్రశ్న కాదు.
క్లాసులో ఎవరూ దగ్గలేదు.
పైడితల్లి పెన్ను మూత తీసి పెట్టింది,
తీసి పెట్టింది.

వాడు బ్రాకెట్ గోడ అరచేత్తో చెరిపి
ప్లస్ పెట్టి
ఒకటి వేశాడు,
తెరచాప కొయ్యంత.
సుద్ద రెండు ముక్కలైంది.
ఆరు ఎక్స్‌తో ఒక్కొక్కదాన్నే గుణించి చూస్తే
ముగ్గురూ ఎవరి చోట వాళ్ళు నిలబడ్డారు.

తర్వాతి పిరియడ్ సోషల్ మాస్టారు బోర్డు తుడిచారు.
చెమ్మకి పట్టేసుకున్న ఆ ఒకటి
భారతదేశ పటం మీద సాయంత్రం దాకా ఉండిపోయింది.

ఎల్లుండికి నంబరు దించేశారు.
సగం బెంచీలు సముద్రానికెళ్ళాయి.
హాజరు పిలుస్తూ ఎల్లాజీ గడి దగ్గరికొచ్చి
ఆబ్సెంటు రాయబోయి
కిటికీ వైపు చూస్తూ
పెన్ను ఎత్తి పట్టుకున్నాను.