సీటు కింద

బోనెట్ ఎత్తగానే మురిగిన గుడ్డు వాసన.
మూడో బ్యాటరీ. ఏడాది తిరక్కుండానే మూడోది.
పొట్ట ఉబ్బి, పక్కలు చీలి,
కొసల మీద తెల్లగా, నీలంగా బూజు పూసి.
తవుడు దాన్ని చూడలేదు, నన్ను చూశాడు.
"మళ్లా పోనాదేటి?"

పాత కమాండర్ జీపు. దాని కడుపులో
టెక్కలి తుక్కుకొట్లో బేరమాడిన బొలేరో ఇంజను.
పెద్ద సంసారం చిన్న గదిలో దిగినట్టు దిగింది,
నాలుగు గోడలకీ మోచేతులు ఆనించి.
టర్బోకీ బ్యాటరీకీ నడుమ బెత్తెడు లేదు.
మెళియాపుట్టి దాటి కొండ ఎక్కేసరికి
ఆ గొట్టం నిప్పుకణిక.
పొయ్యి పక్కన యాసిడ్ కుండ పెట్టుకుని
ఎందుకు పోతోందని నన్నడిగితే?

"చోటు మార్చాల" అన్నాను.
"ఎక్కడికి?"
వెనకంతా జనం కాళ్లు, పసుపు బస్తాలు, కట్టేసిన కోళ్లు.
చివరికి ముందు ఎడం సీటు కింద
ఓ గుంట దొరికింది.
అందులో ఒక జాకీ, ఒంటి చెప్పు,
ఎవరిదో తడిసి ఆరిన రేషను కార్డు.

తీసేటప్పుడు నలుపు ముందు,
పెట్టేటప్పుడు ఎరుపు ముందు.
మా గురువు సన్నిబాబు ఇంతకు మించి
ఏ మంత్రమూ చెప్పలేదు.
ఆయన వేలి చుట్టూ తెల్లటి మచ్చ, ఉంగరంలాగే.
పానా ఎర్ర కొసని తాకింది, ఉంగరం బాడీని తాకింది,
రెప్పపాటులో బంగారం మాంసంలోకి దిగిందట.
"ఇది ఏ తాకట్టుకొట్టూ పట్టదురా" అనేవాడు, నవ్వకుండా.
నా ఉంగరం తీసి మేకుకి తగిలించాను.

దారి పొడుగైతే తీగ లావవ్వాలి.
వెల్డింగ్ కేబుల్, చిటికెన వేలంత రాగి.
మీటరు ధర చెబితే
తవుడు రేకుల కప్పు కేసి చూశాడు.
సన్నది వెయ్యొచ్చు. ఈ పూటకి తిరుగుతుంది కూడా.
మాఘమాసంలో తెల్లారగట్ట, కొండ మీద, మంచులో
తాళం తిప్పితే టక్కుమని ఒక్క మాటని ఊరుకుంటుంది.
బలమంతా దారి తినేస్తుంది.

రేకుకి కన్నం పొడిచి
దానికో రబ్బరు పెదవి తొడిగాను.
జీపు రోజంతా వణుకుతుంది;
తీగ తోలు కొయ్యడానికి రేకు అంచుకి తొందరేం లేదు.
బ్యాటరీకి జానెడు దూరంలోనే ఫ్యూజు.
ఎర్తు కోసం చాసిస్ గీకాను:
మిలటరీ రంగు, దాని కింద ఆకాశం రంగు,
దాని కింద ఎవరి కాలం నాటిదో ఎరుపు,
ఆ కిందెక్కడో తళుక్కుమంది ఇనుము.
యాసిడ్ ఊపిరి వదిలేందుకు నేల వైపు సన్న గొట్టం,
కదలకుండా ఇనప పట్టీ, పైన చెక్క పలక,
పలక మీద స్పంజి, అతుకులేసిన రెక్సిన్.

దీపాల వేళకి తాళం తిప్పాడు.
పిలవబోతుండగానే పలికింది ఇంజను.
బోనెట్ కింద ఖాళీ ట్రే మిగిలింది,
యాసిడ్ తిన్న నలుచదరం.
తవుడు అందులో ఒక నిమ్మకాయ పెట్టాడు.
"ఉడికిపోతాదిరా."
"ఉడకనీ. బ్యాటరీ కన్నా నిమ్మకాయి చవక."

సంత రోజున షాపు ముందు ఆపాడు,
ఇవ్వాల్సిన దాంట్లో సగమూ, రెండు అనాసపళ్లూ.
ముందు సీట్లో సుక్కమ్మ, సవర ముసల్ది,
ఒళ్లో చీపుళ్ల కట్ట.
పలకా స్పంజీ కలిసి సీటు నాలుగేళ్లు ఎత్తయింది.
కింద ఏముందో ఆమె అడగలేదు.
"ఇన్నాళ్లూ ఈ బండిలో మబ్బులే కనపడీవి బావూ,
ఇయేల రోడ్డు కనపడతంది" అంది
అద్దంలోంచి కళ్లు తిప్పకుండా.

జీపు మలుపు తిరిగింది.
ఎర్తు బోల్టు
ఇంకో పావు తిప్పు తిప్పి ఉండాల్సింది.